ఎవరి పళ్ళెంలో ఏం మిగిలింది

ఆ కుట్టు కార్ఖానాలో ఆమెను అందరూ గరిటమ్మ అనేవారు. ఆస్పత్రులకు దుప్పట్లు, గౌన్లు కుట్టే చోటు అది. నలభై ఆరుగురు పనివాళ్ళు, రెండు వరసల మిషన్లు, వెనక గదిలో వంటిల్లు. ఆ వంటింట్లో గరిటమ్మ పంతొమ్మిదేళ్ళు ఒక్కర్తే వండింది. ఎవరికి కారం పడదో, ఎవరికి పన్ను కదులుతోందో, ఎవరు ఇంట్లో పోట్లాడి ఖాళీ కడుపుతో వచ్చారో ఆమెకు తెలుసు. బొత్తాలు కుట్టే ముసలమ్మకు పళ్ళు లేవని రోజూ కాస్త అన్నం మెత్తగా ఉడికించి పక్కన పెట్టేది. అలా పెట్టమని ఎవరూ అడగలేదు. పెడుతున్నానని ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. మంచి మనిషి, ఒక్క విషయంలో తప్ప.

ఆ ఒక్క విషయం ఆమె తోడికోడలు.

మరిదికి పని పోయినప్పుడు తోడికోడల్ని తీసుకొచ్చి ఈ వంటింట్లో పెట్టింది గరిటమ్మే. "నోట్లో నాలుక లేని పిల్లండీ. నా చేతికింద ఉల్లిపాయలు తరుగుతుంది" అని మేనేజరుతో చెప్పింది. ఆ పిల్ల ఆరు నెలలు తలెత్తకుండా ఉల్లిపాయలు తరిగింది. ఏడో నెలలో ఒకనాడు పాలు మిగిలిపోతే, పారబోయడానికి చేతులు రాక, గుడ్లూ చక్కెరా కలిపి కస్టర్డ్ వండి చల్లబెట్టింది. ఆ మధ్యాహ్నం కత్తిరింపు బల్ల దగ్గరి పెద్దాయన, దేన్నీ మెచ్చుకోని మనిషి, వంటింటి కిటికీ దాకా నడిచి వచ్చి, "ఈ తీపి చేసిన చెయ్యి ఏదమ్మా?" అని అడిగాడు.

అన్నేళ్ళలో గరిటమ్మ చెయ్యి ఏదని ఎవరూ అడగలేదు.

ఆ రోజు ఇంటికి వెళితే అక్కడా అదే. "మరదలు ఒక గిన్నె పంపింది. భలే ఉందే!" అన్నాడు భర్త.

"ఉండదూ మరి? అన్ని పాలూ అంత చక్కెరా పోస్తే గడ్డిపరక కూడా భలే ఉంటుంది."

"గడ్డిపరకతో చేసిందా?" అన్నాడు ఆయన అమాయకంగా, చెంచా నాకుతూ. ఆ రాత్రి ఆయనకు పప్పులో ఉప్పు లేదు.

తిన్న పళ్ళేలు కిటికీలోంచి వంటింట్లోకి వస్తాయి. కడగడానికి వేరే మనిషి ఉంది. అయినా అప్పటినుంచి చెంచాలు ఏరే వంకతో గరిటమ్మ ఆ కిటికీ దగ్గరే నిలబడేది. ఎవరి పళ్ళెంలో తన కూర మిగిలింది, ఎవరి గిన్నెలో కస్టర్డ్ మిగిలింది, అదీ ఆమె చూపు. కస్టర్డ్ సగం వదిలిన గిన్నె కనిపిస్తే ఆ పూట కడుపులో చల్లగా ఉండేది. కూర ముక్కలు మిగిలిన పళ్ళెం వస్తే ఆ మనిషి ముఖం వారం రోజులు గుర్తుండేది. తోడికోడలికి ఇదేమీ పట్టదు. "అక్కా, నీ కూర వాసనకి వీధిలోవాళ్ళు కూడా ఆగుతున్నారు" అనేది నవ్వుతూ. అంత మనసారా అనేసరికి గరిటమ్మకు మరింత మండేది. వెటకారమైతే తిప్పికొట్టవచ్చు, దీన్నేం చేస్తుంది?

పనివాళ్ళు తెలివైనవాళ్ళు. రెండు పొయ్యిల మధ్య రాజుకుంటున్నదేమిటో పసిగట్టారు. ఏది బాగుందని ఎవరడిగినా నలభై ఆరుగురిదీ ఒకే మాట: "రెండూ బాగున్నాయి. అన్నీ తిన్నాం." ఎవరినీ నొప్పించకూడదని నేర్చుకున్న మాట అది. మంచి మనసుతోనే నేర్చుకున్నారు.

తోడికోడలు వచ్చిన మూడో ఏడు పెద్ద ఆర్డరు ఒకటి గడువుకు ముందే పూర్తయింది. మేనేజరు సంతోషించి అందరికీ మంచి భోజనం పెట్టమన్నాడు. మాంసం కూర గరిటమ్మది, కస్టర్డ్ తోడికోడలిది. మామూలుగా ఏ పూట వంట ఆ పూటే. కానీ పక్కన నిలబడి "అక్కా, ఇందులో ఏం వేశావు?" అని అడిగే మనిషి ఉండగా వండటం గరిటమ్మకు ఇష్టం లేకపోయింది. ముందురోజు సాయంత్రం తోడికోడల్ని పంపేసి, ఒక్కర్తే వండింది. పెద్ద అల్యూమినియం గిన్నె నిండా కూర. ఫ్రిజ్‌లో చూస్తే కస్టర్డ్ ట్రేలు వరసగా కొలువుతీరి ఉన్నాయి. వాటిని జరపమని అడగడం కంటే నోరు మూసుకోవడమే నయమనుకుంది. గిన్నె మీద మూత బిగించి, ఎవరూ తెరిచి రుచి చూడకుండా గుడ్డతో కట్టేసి, సామాన్ల గదిలో ఓ మూల పెట్టింది. తెల్లవారి చూస్తే ఇంకా గోరువెచ్చగా ఉంది. తెర్లనిస్తే ముక్కలు చెదిరిపోతాయి, కస్టర్డ్ పక్కన కూర అందం చెడుతుంది. అందుకని సన్నటి మంట మీద వేడి చేసి దించేసింది.

భోజనం ఘనంగా జరిగింది. గరిటమ్మ మాత్రం తినలేదు. ట్రేలు ఖాళీ అవుతుంటే ఆమెకు ముద్ద దిగలేదు.

మర్నాడు మిషన్లు సగం మూగబోయాయి. ఇరవై తొమ్మిది మందికి కడుపునొప్పి, విరేచనాలు. దేవుడి దయవల్ల ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు కానీ బొత్తాల ముసలమ్మను ఆస్పత్రిలో పెట్టి సెలైన్ ఎక్కించారు. కత్తిరింపు పెద్దాయన తన ఒంట్లో బాగుండడంతో పొద్దున్నుంచి ఆమె మంచం పక్కనే కూర్చుని, నీళ్ళు చెంచాతో తాగించాడు.

మేనేజరు వంటింటి గుమ్మంలో నిలబడి తోడికోడలితో అన్నాడు: "పాలూ గుడ్లూ కలిపావు. ఇంకేం కావాలి? విషయం తేలేదాకా రావద్దు. తేలాక కూడా నేను పిలిస్తేనే రా."

ఆ పిల్ల గరిటమ్మ వైపు చూసింది. గరిటమ్మ గరిట కడుగుతోంది, కడిగిందే కడుగుతోంది. "వస్తానక్కా" అని ఆ పిల్ల వెళ్ళిపోయింది. ముఖం పాలిపోయి ఉంది. భయమనుకుంది గరిటమ్మ. నిజం చెప్పుకోవాలంటే, మూడేళ్ళ తర్వాత ఆ పూట వంటిల్లు ఆమెకు విశాలంగా కనిపించింది. ముసలమ్మ గుర్తుకొచ్చి, అలా అనిపించినందుకు సిగ్గుపడి, దేవుడికి దండం పెట్టుకుంది. సిగ్గు పోయింది, సంతోషం పోలేదు.

మూడోనాడు ఆరోగ్యశాఖ నుంచి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. భుజాన సంచి, చేతిలో అట్టకు బిగించిన కాగితాలు. పరీక్షకు కూర ఏమైనా మిగిలిందా అని అడిగితే, గిన్నెలు ఆ రోజే అద్దంలా తోమేశామని గరిటమ్మ గర్వంగా చెప్పింది. ఆమె నిట్టూర్చి, జబ్బుపడ్డవాళ్ళనూ పడనివాళ్ళనూ ఇళ్ళకు వెళ్ళి మరీ అడిగింది. రెండు రోజులు తిరిగి, చెప్పులు దుమ్ము కొట్టుకుపోయి వంటింట్లో స్టూలు మీద కూలబడింది. గరిటమ్మ టీ ఇచ్చింది. తాగిన గ్లాసు ఆ అధికారిణే లేచి కడిగి బోర్లించింది. ఆ పని గరిటమ్మకు నచ్చింది.

"ఏమైనా తేలిందామ్మా?"

"ఏం తేలుతుంది పెద్దమ్మా! నలభై ఆరుగురూ ఒకే పాట. అన్నీ తిన్నాం, అన్నీ బాగున్నాయి. అందరూ అన్నీ తింటే నాకేం తెలుస్తుంది? తినని వాళ్ళు కావాలి నాకు. కూర తినని వాళ్ళకి ఏమైంది, కస్టర్డ్ తినని వాళ్ళకి ఏమైంది. ఆ తేడాలోనే దొరుకుతుంది దొంగ."

గరిటమ్మకు నవ్వు ఆగలేదు. "అన్నీ తిన్నారా? ఎవరు చెప్పారు? ఆ కత్తిరింపు పెద్దాయన ఉన్నాడే, ఆయన కూర ముక్క ముట్టలేదు. మొన్న గిన్నెలో వడ్డించింది వడ్డించినట్టే వెనక్కి వచ్చింది. కస్టర్డ్ మాత్రం రెండుసార్లు."

అధికారిణి తల ఎత్తింది. "మీకెలా తెలుసు?"

"నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? పళ్ళేలన్నీ నా ముందునుంచే పోతాయి."

"అందరివీ గుర్తున్నాయా?"

"ఒక్కటి తప్పితే అడుగు!"

అధికారిణి కొత్త కాగితం తీసి పెన్సిలు పట్టుకుంది. గరిటమ్మ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. కస్టర్డ్ వదిలినవాళ్ళతో మొదలుపెట్టింది. వాళ్ళంతా గుండ్రాయిలా ఉండి ఉంటారని, ఆ కాగితం మీద తోడికోడలి పేరు తేటతెల్లమైపోతుందని ఆమె ఆశ. షుగరున్న నలుగురు. పాల వాసన పడని మొదటి మిషను అమ్మాయి. ఒంటి మీద దద్దుర్లొస్తాయని గుడ్డు మానేసిన ఇద్దరు. లావవుతున్నానని భయపడే దారాల గది పిల్ల. ఆ రోజు పంటినొప్పితో ఉన్న కాపలాదారు. తొమ్మిది మంది.

అధికారిణి తన జాబితాతో సరిచూసింది. "వీళ్ళలో ఏడుగురికి జబ్బు చేసింది."

"ఏడుగురికా?"

"కస్టర్డ్ చెంచా కూడా తినకుండానే. సరే, కూర వదిలినవాళ్ళు?"

గరిటమ్మ చెప్పింది. ఆ ముఖాలు ఆమెకు ఇంకా బాగా గుర్తు, ఒక్కొక్కటీ ఒక్కో ముల్లు. పెద్దాయన, లెక్కలు రాసే అబ్బాయి, అక్కాచెల్లెళ్ళు ముగ్గురు... చెబుతున్నకొద్దీ పెన్సిలు ఒకే గడిలో గీతలు గీస్తోంది. బాగున్నారు. బాగున్నారు. ఈయనా బాగున్నాడు. ఎనిమిదో మనిషి దగ్గరకు వచ్చేసరికి గరిటమ్మ కాగితం వైపు వంగింది. ఆ గీతలు ఎటు నడుస్తున్నాయో చదువు రానివాళ్ళకైనా తెలుస్తుంది. అయినా నోరు ఆగలేదు. పదకొండు మంది అయ్యారు, పదకొండు మందీ నిక్షేపంగా ఉన్నారు.

"ఇంకెవరైనా?"

"ఇస్త్రీ చేసే అతను. ముక్కలన్నీ పళ్ళెం అంచుకి నెట్టేశాడు."

అధికారిణి పెన్సిలు ఆగింది. "ఇతనికి జబ్బు చేసిందే! అదీ గట్టిగా. కూర తినకుండా ఎలా?" నుదురు రుద్దుకుంది. "వీళ్ళంతా ఒక దారి చూపిస్తుంటే ఇతనొక్కడు అడ్డం తిరిగాడు. కూరే అని నేను గట్టిగా రాయలేను. నీళ్ళేమో, ఇంకేదైనా ఏమో."

గరిటమ్మకు ఊపిరి వచ్చింది. ఒక సందు దొరికింది. ఇక్కడ నోరు మూసుకుంటే చాలు, కూర బయటపడదు. మేనేజరు మనసులో ఉన్నది ఎలాగూ కస్టర్డే. వంటిల్లు మళ్ళీ తనదే.

అయితే ఆ పళ్ళెం ఆమె కళ్ళముందే ఉంది. ముక్కలు అంచున ఉన్నాయి, నిజమే. కానీ మధ్యలో నాలుగు మెతుకులు మిగిలాయి. అవి తెల్లగా లేవు. ముక్కలు తీసేసి కూర రసమంతా అన్నంలో కలుపుకుని ఊడ్చుకు తిన్నాడు అతను. ఆ రోజు దాన్ని చూసి, పోనీలే, రసమైనా నచ్చింది అని మురిసింది ఆమె.

టీ గ్లాసు మీంచి నీటి చుక్కలు బల్ల మీదికి జారుతున్నాయి. అధికారిణి కాగితాలు సంచిలో పెట్టుకుంటోంది.

"ఆగమ్మా" అంది గరిటమ్మ. "ముక్కలే వదిలాడు. రసం వదల్లేదు. అన్నం ఎర్రగా ఉంది." ఇంకా ఎవరూ ఏమీ అడగకముందే, మూత సంగతీ, గుడ్డ సంగతీ, సామాన్ల గది సంగతీ, సన్నటి మంట సంగతీ చెప్పేసింది. గుడ్డ ఎందుకు కట్టిందో కూడా చెప్పింది. అదొక్కటీ చెప్పడానికి కొంత సేపు పట్టింది.

అధికారిణి మందలించలేదు. అంత పెద్ద గిన్నె మూత బిగిస్తే రాత్రంతా చల్లారదనీ, ఆ గోరువెచ్చదనంలోనే సూక్ష్మజీవులు పెరుగుతాయనీ, తెల్లారి సలసలా తెర్లనిచ్చినా కొంత మేలు జరిగేదనీ, చిన్న చిన్న గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే ఈ బాధే లేదనీ చెప్పింది. వెళ్ళేముందు ఆమె భుజం మీద చెయ్యి వేసి, "మీరు చెప్పకపోతే నేను ఇంకో నెల తిరిగేదాన్ని పెద్దమ్మా" అంది.

మేనేజరు తోడికోడల్ని తిరిగి పిలిచి, గరిటమ్మను ఒక నెల ఇంట్లో ఉండమన్నాడు. పంపించేద్దామనే అనుకున్నాడు కానీ, ఆస్పత్రి నుంచి వచ్చిన బొత్తాల ముసలమ్మ ఆయన బల్ల ముందు నిలబడి, "పళ్ళు లేనిదానికి ఇన్నేళ్ళు మెత్తటన్నం పెట్టింది. నేను లేచి తిరుగుతున్నానుగా, నీకేంటి నాయనా?" అందట. ఇస్త్రీ అతను కూడా ఆమె వెనకాల నిలబడ్డాడట.

ఆ నెలలో ఒకరోజు మరిది వచ్చాడు. మాటల్లో మాటగా, "వదినా, మా ఆవిడ కూడా అప్పుడు రెండు రోజులు లేవలేదు. నీ కూర రెండు గరిటలు వేసుకుందట. కస్టర్డ్ మిగల్లేదు, అది తిననే లేదు" అన్నాడు.

"ఆ అధికారిణి అడిగితే నాకేం కాలేదని చెప్పిందే?"

"చెప్పదు మరి. చెబితే నీ కూరే అని తెలిసిపోదూ?"

మరిది వెళ్ళాక గరిటమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. మొదటి రోజే తెలుసన్నమాట ఆ పిల్లకి. తెలిసీ పని పోగొట్టుకుని, పాలిపోయిన ముఖంతో "వస్తానక్కా" అని వెళ్ళింది. కళ్ళు తుడుచుకుంది గరిటమ్మ. తుడుచుకుంటూనే, "ఇందులో కూడా నన్ను దాటేసిందే!" అనుకుంది. ఆ మంచితనం మీద కూడా ఆమెకు మంటే వేసింది. చేసింది తనైతే ఎంత బాగుండేది! దేవుడా, ఈ బుద్ధిని ఏం చేసుకోను అని ఆ సాయంత్రం దండం పెట్టుకుంటూ అడిగింది.

నెల తిరిగి వంటింట్లో అడుగుపెట్టేసరికి పెద్ద పొయ్యి దగ్గర తోడికోడలు ఉంది. కూర ఉడుకుతోంది. గరిటమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు లాక్కుంది.

"అక్కా, ఒక్కసారి లే. ఉప్పు చూడు."

"నీకు తెలీదా?"

"తెలిస్తే అడుగుతానా?"

లేచి చెంచాతో తీసుకుని ఊదుకుని నోట్లో వేసుకుంది. ఉప్పు సరిగ్గా ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. తన కూరకంటే ఓ పిసరు బాగుందేమో కూడా.

"తగ్గింది" అంది గరిటమ్మ.

తోడికోడలు ఉప్పు డబ్బాలో వేళ్ళు పెట్టి, మూడు రవ్వలు తీసి, గిన్నెలో విదిల్చింది. "ఇప్పుడు?"

గరిటమ్మ ఆ వేళ్ళ వైపు చూసింది, తర్వాత ఆమె ముఖం వైపు చూసింది. ఆ పిల్ల పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటోంది.

"ఇప్పుడు కుదిరింది" అని గరిటమ్మ మళ్ళీ చెంచా ముంచింది.