సున్నంలో ముంచిన చేతులు

డిసెంబరు వచ్చిందంటే సికింద్రాబాదులోని ఆ క్రైస్తవుల గల్లీలో ఆడవాళ్ల చేతులకు గండం మొదలయ్యేది. పరదాలు ఉతకడం, గోడలకు సున్నం వెయ్యడం, గిన్నెలు బూడిదతో తోమడం, పండగ పిండివంట గులాబీ పువ్వులకు పిండి కలపడం అన్నీ ఆ ఒక్క నెలలోనే. దానికి తోడు చలిగాలి. పండగనాడు చర్చికి వచ్చేసరికి అందరి వేళ్లూ పగిలి, నెర్రెలు తీసి ఉండేవి, ఒక్క దేవకృపవి తప్ప.

దేవకృప మొగుడు పోయాక కుట్టుమిషను మీద బతికిన మనిషి. కుట్టేది ఎక్కువగా పట్టు. గరుకు చెయ్యి తగిలితే పట్టుకు పోగు లేస్తుంది, లేచిన పోగును దేవుడు కూడా మళ్లీ పడుకోబెట్టలేడు అనేది ఆమె. అందుకే చలి మొదలవగానే కొబ్బరినూనెలో తేనెమైనం కరిగించి గిన్నెలో పెట్టుకునేది. చెయ్యి తడిసినప్పుడల్లా తుడుచుకుని, తేమ పూర్తిగా ఆరకముందే ఆ మైనం రాసుకునేది. సబ్బు ముట్టదు, సున్నం వైపు చూడదు. నల్లా దగ్గర ఆడవాళ్లు "దొరసాని వచ్చింది, జరుగుండ్రి" అని ఎకసెక్కాలాడేవాళ్లు. ఆమె నవ్వి ఊరుకుని, వాళ్లే అడిగితే ఆకులో ఇంత మైనం పెట్టి ఇచ్చేది.

ఎవరు పట్టు తెచ్చినా ముందు ఒక పట్టు పేలికను తన అరచేతి మీదుగా లాగి చూపించేది. ఎక్కడా తట్టుకోకుండా జారితేనే బట్ట పుచ్చుకునేది. ఆ పద్ధతి ఆమే పెట్టింది. పోనుపోను గల్లీలో అదే కట్టుబాటైంది.

పక్కింటి పుష్పమ్మకు కుట్టుపనిలో కాజాల నుంచి కుచ్చుల దాకా నేర్పింది ఆమే. 1948 సెప్టెంబరులో, నిజాం మీదికి సైన్యం వచ్చిన పోలీస్ యాక్షన్ రోజుల్లో, పుష్పమ్మ భర్త మౌలాలి రైల్వే షెడ్డులో చిక్కుపడిపోయాడు. రైళ్లు లేవు, కబురు లేదు, వీధిలో చప్పుడైతే ప్రాణం పోయినంత పని. దేవకృప ఆమెను తన ఇంట్లో పెట్టుకుంది. ఉన్న రొట్టె చెరిసగం తిన్నారు. అతను క్షేమంగా తిరిగొచ్చిన రోజు పుష్పమ్మ ఆమె రెండు చేతులూ కళ్లకద్దుకుని, "బతికినన్ని దినాలు నిన్ను మర్వనక్కా" అంది.

ఆ గడబిడలో ఆగిపోయిన, అదే గల్లీలోని ప్రేమమణి కూతురి పెళ్లి క్రిస్మస్ మర్నాటికి కుదిరింది. పెళ్లికూతురి తెల్లపట్టు రవికె, తల ముసుగు దేవకృపే కుట్టాలని మాట. చర్చి అంతా కళ్లప్పగించి చూసే బట్ట అది. కంటోన్మెంటు పెద్దిళ్ల వాళ్లూ వస్తారు. ఇన్నేళ్లు వంగిన నడుముకు ఇప్పటికి కాస్త పేరొస్తుందని ఆమె ఆశ.

ప్రేమమణి పట్టు తెస్తానన్న రోజుకు ముందురోజు పొద్దున్నే పుష్పమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"అక్కా, ఈయేడు క్రిస్మస్ పాటలు పాడెటోళ్లు మొదలు మా ఇంటికే వస్తరంట. పాస్టరయ్యగారు సుత వస్తడు. గోడలేమో పొగ పట్టి నల్లగున్నయ్. సున్నమేసే పర్వతాలు గడబిడల పోయినోడు మళ్ల రాకపాయె. ఒక్కదాన్ని ఏం చెయ్యాలె?"

"నా చేతుల సంగతి నీకెర్కే గద పుష్పమ్మా. రేపు పట్టు వస్తది."

"జెర ఒక్క గోడ అక్కా. గుడ్డలు నేనే చుడ్త. నీకు తక్లీఫ్ కానిస్తనా?"

దేవకృప మెత్తబడింది. పుష్పమ్మ పాత గుడ్డలు తెచ్చి, ఆమె రెండు చేతులకూ బిగించి ముడివేసింది. ఒక్క గోడ కాస్తా ఇల్లంతా అయింది. పుష్పమ్మ మాత్రం పొయ్యి దగ్గర గులాబీ పువ్వులు వేయిస్తూ కూర్చుంది. సాయంత్రం ముడులు విప్పితే చర్మం నాని, ఎర్రగా మండుతోంది. తెల్లారేసరికి వేళ్ల కొసలన్నీ పగిలాయి. గిన్నెడు మైనం రాసినా లాభం లేకపోయింది.

ప్రేమమణి పట్టు మూటతో వచ్చింది. వెనకే పుష్పమ్మ. దేవకృప చేతులు కొంగులో దాచుకుంది.

"కానియ్ దేవకృపా, నీ పద్ధతే గద" అని ప్రేమమణే పేలిక అందించింది.

అది అరచేతిలో సగందాకా వచ్చి ఆగింది. లాగితే పోగు లేచింది. ప్రేమమణి మొహం వాడిపోయింది. అప్పుడు పుష్పమ్మ ఆ పేలిక తీసుకుని దేవకృప ఇచ్చిన మైనమే రాసుకున్న తన చేతిమీద లాగింది. నూనె మీద జారినట్టు జారిపోయింది.

దేవకృప, "పుష్పమ్మకియ్యి వదినా. నా దగ్గర్నే నేర్చింది. నా పేరు నిలవెడ్తది" అంది. చెల్లెలిలాంటి మనిషే తనను ఆదుకుందని ఆ పిచ్చితల్లి నిజంగా నమ్మింది.

పండగ ముందు పర్వతాలు గల్లీలో సున్నం డబ్బాతో ఎదురయ్యాడు.

"ఎప్పుడొచ్చినవ్ పర్వతాలూ?"

"నేనేడికి పోయిన్నమ్మా? బోయిన్‌పల్లిలనే ఉన్న. పుష్పమ్మ ఇంటికి పోతే, ఈయేడు వద్దు, మా అక్క ఏస్తది అన్నది." అంతలో ఆమె వేళ్లు చూశాడు. "అయ్యో, గుడ్డ చుట్టుకున్నవా? గుడ్డ సున్నాన్ని పట్టుకుని తోలు తింటది. పోయినేడు నేను చుట్టుకుంటే పుష్పమ్మనే తిట్టి విప్పించింది గద!"

దేవకృప తన వేళ్ల వైపు చూసుకుంది. పుష్పమ్మ ఆ గుడ్డలు తెలియక చుట్టింది కాదు. తెలిసే చుట్టింది. కళ్లకద్దుకున్న చేతులకే ఆ ముడులు వేసింది. దేవకృప చేతుల మంటను ఓర్చుకుంది కానీ ఈ మాటను ఓర్చుకోలేక ఇంట్లోకి పోయి, మైనం గిన్నె ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

క్రిస్మస్ ఆరాధన అయింది. చర్చి మెట్ల మీద అందరూ చూస్తుండగా, కొత్త పట్టుచీర కట్టిన పుష్పమ్మ నవ్వుతూ వచ్చి ఆమెను కావలించుకుంది.

"హ్యాపీ క్రిస్మస్ అక్కా! చేతులు తగ్గినయా?"

"పర్వతాలు కలిసిండు" అంది దేవకృప.

పుష్పమ్మ ఒళ్లు బిగుసుకుంది. విడిపించుకోబోయింది. దేవకృప వదల్లేదు. జీవితంలో ఒక్క పోగు కూడా లేపని ఆ మనిషి, తన పగిలిన అరచేతిని పుష్పమ్మ భుజం మీద ఆనించి, వీపు మీదుగా నడుము దాకా మెల్లగా దింపింది. పట్టు పోగులు లేస్తున్న చప్పుడు వాళ్లిద్దరికే వినబడింది.