చచ్చిన బాతుకి కన్ను

మా మావయ్య దేవుడి పటాల షెడ్డులో ఎవరు ఏం వేసినా కళ్లు మాత్రం ఆయనే దిద్దేవాడు. ముఖం, చీర, కిరీటం అన్నీ అయ్యాక, చిట్టచివర స్నానం చేసొచ్చి, అందర్నీ బయటికి పంపి, అగరొత్తి వెలిగించి, సన్నటి కుంచెతో నల్లగుడ్డు మీద ఒక తెల్ల చుక్క పెట్టేవాడు. అంతే, అమ్మవారు మనకేసి చూడ్డం మొదలుపెట్టేది. ఆ కుంచె ఇంకెవరూ ముట్టుకోరు. ఆయన తర్వాత అది నాకే వస్తుందని నేను చిన్నప్పట్నుంచీ అనుకున్నాను. నలభై దాటినా అలాగే అనుకుంటూ ఉన్నాను.

ఎందుకు అనుకోకూడదు? కలకత్తా వైపు మా రైల్వే ఊళ్లో, గోల్‌బజార్ వెనక సందులో ఆ షెడ్డు పెట్టినప్పట్నుంచీ ఈకలు నావి. కుమారస్వామి నెమలీ, విష్ణుమూర్తి గరుత్మంతుడూ నా చేతిలోనే రెక్కలు తొడుక్కున్నారు. నిమ్‌పురా తెలుగువాళ్ల గుడిలో ఉన్న నెమలిని ఎవరన్నా పొగిడితే మావయ్య నన్నే చూపించేవాడు.

కిందటేడు ఆయన చెయ్యి వణకడం మొదలైంది. వినాయకుడి పటం ఒకటి అంతా పూర్తయి కళ్ల దగ్గర ఆగిపోయింది. నేను కుంచెలు కడుగుతూ, చేతులు తుడుచుకుని సిద్ధంగానే ఉన్నాను. మావయ్య తన కొత్త కోడల్ని పిలిచాడు.

ఆ పిల్ల పెళ్లయి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. మొగుడు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఫ్యాక్టరీ పనికి వెళ్తే, ఇంట్లో తోచక షెడ్డులోకి వచ్చి పటాల్లో బొమ్మ వెనకాల ఖాళీకి రంగులు పూసేది. పుట్టింట్లో ముగ్గులు తప్ప ఏం వేసిన ముఖం కాదు. అలాంటిది, మమ్మల్ని బయటికి పంపి రెండు చుక్కలు పెట్టి, తలుపు తీసేసరికి వినాయకుడు నవ్వుతున్నాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, నిజంగానే నవ్వుతున్నాడు.

"అదేటి మావయ్యా, నాను లేనా?" అని అడిగేశాను.

"నీకు ఈకలున్నాయి గదే. అంత ఓపిక ఆ పిల్లకెక్కడుంటాది?" అన్నాడు.

ఓపికట! ఆ పిల్లేమో నా దగ్గరకొచ్చి, "అక్కా, బాగున్నాదా? నువ్వే సెప్పాల" అంది. గయ్యాళిదైనా బాగుండేది, తిట్టుకోడానికైనా ఏదో ఒకటి దొరికేది. బాగుందని చెప్పి ఇంటికొచ్చి గిన్నెలన్నీ ఎత్తి కుదేశాను.

ఆ మధ్యే కలకత్తా నుంచి ఒక బెంగాలీ వ్యాపారి వచ్చాడు, దాదా అని పిలుస్తాం. హోటళ్ల గోడలకి పటాలు సప్లై చేస్తాడు. ఫ్లెక్సీలొచ్చి, మేం రాసే షాపు బోర్డుల పని ఊడ్చుకుపోయిన రోజుల్లో వచ్చాడు కాబట్టి మాకు దేవుడిలాగే కనిపించాడు. ఎప్పటివో డచ్చివాళ్ల చిత్రాల ప్రింట్లు బల్ల మీద పరిచి, అచ్చు ఇలాగే చేత్తో వేసివ్వాలన్నాడు. చూస్తే అన్నీ వేటాడి తెచ్చిన పిట్టలు. అడవి బాతు ఒకటి కాలికి తాడుతో మేకుకి తలకిందులుగా వేలాడుతోంది. కింద రాతి గట్టు మీద కౌజు పిట్టలు, పక్కన సగం తొక్క తీసిన నిమ్మకాయ.

దాదా వెళ్లాక మావయ్య, "సచ్చిన పిట్టల్ని సూస్తూ తిండెలా తింటారే?" అని ఆశ్చర్యపోయాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఈకలంటే నావే కదా.

ఆ బాతు మీద నేను పడ్డ పాటు ఇంకెవరూ పడరు. బజార్లో కోళ్ల దుకాణం ముందు నిలబడి, రెక్క విప్పి చూపించమని బతిమాలి, పొట్ట కింది నూగు వేలితో తడిమి చూసొచ్చాను. మెడ మీది ఆకుపచ్చ నీలంలోకి జారే చోటుని చెరిపి చెరిపి వేశాను. రెక్క జారి కిందికి వేలాడే బరువు కూడా తెప్పించాను. కన్ను ఒక్కటే వదిలేశాను, పద్ధతి ప్రకారం.

పద్ధతి ప్రకారమే ఆ పిల్ల స్నానం చేసొచ్చి, అగరొత్తి వెలిగించి, కన్ను దిద్దింది.

మర్నాడు పొద్దున్న షెడ్డు ముందు జనం. టీ కొట్టు దీదీ, పక్క బట్టల షాపు మన తెలుగావిడ, అందరూ ఆ బాతు ముందే. "అమ్మో, మనకేసే సూస్తున్నాదే!" అంటున్నారు. నా ఈకల గురించి ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు మాట్లాడలేదు. కళ్లలో నిప్పులు పోసుకుని నేనూ చూశాను. అప్పుడు తట్టింది. ప్రింటు తెచ్చి పక్కన పెట్టాను. అందులో బాతు కన్ను సగం మూతపడి, మసకగా, బూడిదరంగులో ఉంది. మా బాతు కంట్లో తెల్ల చుక్క మెరుస్తోంది.

"మావయ్యా, ఈ బాతు సచ్చినాదా, బతికున్నాదా?" అన్నాను, అందరికీ వినపడేలా.

ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండింటినీ చాలాసేపు చూశాడు. దేవుళ్లకి దిద్ది దిద్ది, మా షెడ్డులో ఎవరికీ మూసిన కన్ను వెయ్యాలన్న ఆలోచనే రాలేదు. ఆ పిల్ల నోటి మీద చెయ్యి పెట్టుకుని, "అయ్యో, అలవాటులో పెట్టీసినాను" అంది. మావయ్య ఆమె దగ్గరున్న కళ్ల కుంచె తీసుకుని నాకిచ్చాడు.

నా సంబరం ఏమని చెప్పను! బూడిదరంగు కలిపి ఆ చుక్క మీద పూశాను. పై రెప్ప కిందికి లాగాను. చూస్తుండగానే బాతు చచ్చిపోయింది.

"అబ్బ, ఎంత బాగా సంపేసినావే!" అన్నాడు మావయ్య. ముఖమంతా మెచ్చుకోలే. "ఇంక ఈ పిట్టల కళ్లన్నీ నువ్వే సూసుకో. దేవుళ్లవి ఆ పిల్ల సూసుకుంటాది."

నాకోసం కొత్త కుంచె కొనిచ్చాడు. పాతది మళ్లీ ఆమె దగ్గరికే పోయింది. హోటలువాళ్లకి పటం తెగ నచ్చింది, ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. కౌజులు, బాతులు, పొడుగు తోకల అడవికోళ్లు, అన్నిటి కళ్లూ నేనే మూస్తున్నాను.

మొన్న దుర్గమ్మ పటం పూర్తయింది. సింహం జూలు నేనే వేశాను. దేవుడికి కళ్లు దిద్దేటప్పుడు దిద్దేవాళ్లు తప్ప లోపల ఎవరూ ఉండకూడదు. ఆ పిల్ల తడిజుట్టుతో, అగరొత్తితో వచ్చి, నా బల్ల దగ్గర ఆగి మెల్లగా అంది:

"అక్కా, కొంచెం బయటికెల్తావా?"

సగం మూసిన కౌజు పిట్ట కన్ను అలాగే వదిలేసి, లేచి బయటికొచ్చాను. తలుపు ఆమే వేసుకుంది.