చన్నీళ్ళ చేపకు మా ఊరి ఎండాకాలం

సముద్రం పక్కనే ఇల్లు పెట్టుకుని, అద్దాల తొట్టిలో సముద్రపు చేపను పెంచిన ఘనురాలిని మా వాకాడు వైపు నేనొక్కదాన్నే. అదీ మామూలు చేప కాదు. వేలెడంత ఉంటుంది, ఒళ్ళంతా ఎరుపు, మీద నీలం చారలు. నెల్లూరులో అక్వేరియం షాపతను, "ఇది చన్నీళ్ళ చేప మేడమ్, వేడి తగిలితే బతకదు, ఏసీ గదిలో పెట్టుకోండి" అన్నాడు. మా ఇంట్లో ఏసీ లేదు. ఆ ముక్క అతనికి చెప్పకుండా కొనేశాను. ఏదైనా నచ్చిందంటే నేనింక ముందూ వెనకా చూడను.

నచ్చడం ఒక్కటే కాదు, నా బాధ ఇంకొకటుంది. పోయినేడు ఎండాకాలం మొదట్లో మా నాయనకు గుండె ఆపరేషన్ అయింది. ఇక చేపల వేటకు పడవ ఎక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా తీరంలో ఏటా ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి ఆ రెండు నెలలూ ఆయన బాగానే ఉన్నాడు. నిషేధం ఎత్తేసి అందరూ ఒక్కసారిగా వేటకు కదిలిన రోజున మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు. రోజంతా అన్నం ముట్టలేదు. ఈ ఏడూ ఆ రోజు వస్తుంది కదా అని తలుచుకుంటేనే నాకు భయమేసేది. ఆలోగా ఆయనకు వేరే ధ్యాస ఏదో ఒకటి కావాలి.

చేపను చూసి నాయన పడీపడీ నవ్వాడు. "ఏంది మే ఇది? పులుసులో ఏస్తే ఎతుక్కోవాల్సిందే!"

అమ్మ ఊరుకుంటుందా! "ఐసులో పెట్టి అమ్మే చేపల్ని చూసినా గానీ, ఐసు పెట్టి సాకే చేపను ఇప్పుడే చూస్తా ఉండా" అంది.

శివరాత్రి వెళ్ళగానే ఎండ ముదిరింది. నేను నాయుడుపేటలో పనికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం చేప అడుగున నక్కి రొప్పడం మొదలుపెట్టిందట. నాయన ఐసు ఫ్యాక్టరీకి పోయి గంపెడు ఐసు తెచ్చి, దంచి, దోసిళ్ళతో తొట్టిలో పోశాడు. పట్టిన చేపకు జీవితమంతా చేసిన పని అదే మరి. నేను ఇంటికొచ్చేసరికి చేప పక్కకు ఒరిగిపోయి ఉంది.

నాకు ఒళ్ళు మండింది. "ఐసంటే మంచినీళ్ళు గదా నాయనా! ఇది ఉప్పునీళ్ళ చేప, చచ్చిపోదా?" అని అరిచాను.

ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా బిందె తీసుకుని సముద్రం వైపు నడిచాడు. బరువులెత్తకూడదని కేకలేస్తూ అమ్మ వెనకాలే పరిగెత్తింది. ఇద్దరూ బిందెను చెరోపక్క పట్టుకుని తెచ్చారు. కొత్త నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ కూర్చుంటే, దీపాలు పెట్టే వేళకు చేప తిన్నగా ఈదసాగింది. అప్పటినుంచీ అది నాయన చేపే. ఐసును బాటిల్లో పెట్టి బిరడా బిగించి నీళ్ళమీద తేలేసేవాడు. తొట్టికి తగిలించిన థర్మామీటరు చూసి ఇంట్లోవాళ్ళందరికీ వాతావరణం చెప్పేవాడు. అమ్మ కూరకని తెచ్చిన రొయ్యల్లో మంచివి ఏరి దానికి తుంచి పెట్టేవాడు.

నిషేధం మొదలైంది. పడవలు ఆగితే ఐసు ఫ్యాక్టరీ కూడా మూతపడుతుందని, ఐసు మధ్యే పుట్టి పెరిగిన మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు! రోహిణీ కార్తె ముందుంది, ఊళ్ళో ఐసు ముక్క లేదు. ఇక మా ఫ్రిజ్ పైఅర నిండా నీళ్ళ బాటిళ్ళే. "నా ఇంట్లో నాకే చోటు లేకపాయ" అని అమ్మ సణుగుతూనే పక్కింటి ఫ్రిజ్‌లో కూడా రెండు బాటిళ్ళు పెట్టించింది. కరెంటు పోతే తొట్టి చుట్టూ తడి గోనెసంచులు కట్టి, నాయన విసనకర్రతో విసిరేవాడు. మా అందరికీ చెమటలు కారుతుంటే చేప మాత్రం రాళ్ళమధ్య దర్జాగా తిరిగేది. పడవలు కదిలే రోజు దాకా ఇది బతికితే చాలు దేవుడా అని నేను మొక్కుకోని పూట లేదు.

ఆ రోజు రానే వచ్చింది. తెల్లవారుజామున ఒడ్డున టపాకాయలు, కేకలు. ఒక్కొక్క పడవలో ఇంజను మోత లేచింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నాయన తొట్టి ముందు పీట మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో రొయ్య ముక్క. మోతకు అద్దం సన్నగా అదిరింది. చేప గబుక్కున రాళ్ళ వెనక్కి పోయింది.

నాయన విసుగ్గా లేచి సముద్రం వైపు కిటికీ మూసేశాడు.

"ఈళ్ళ ఇంజన్లు తగలెయ్య! అది తినే టయానికే పోవాల్నా?" అన్నాడు. మళ్ళీ పీట మీద కూర్చుని, "రా మే, వాళ్ళు పోయినార్లే" అని దాన్ని పిలిచాడు.