బల్ల మీది గాటు

మా మేనత్త కోపం గురించి రేవులో చాలా కథలున్నాయి. బేరమాడుతూ చేప మొప్పలో వేలు పెట్టి కెలికిన ఒకాయనతో "ఇక దీన్ని నువ్వే తీసుకెళ్లాలి, నలుగురిలో దీని పరువు తీశావు" అన్నదని ఒక కథ. అన్నీ నిజమే. కానీ ఆమెకు అసలైన కోపం వచ్చిన రోజు ఒక్కటే. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. మత్స్యకార సంఘం సమావేశంలో ఎవరేం మాట్లాడారో రాసిపెట్టే పని నాది. చేతిరాత బాగుంటుందని, సంఘం అధ్యక్షుడైన మా నాన్న అప్పగించాడు.

అత్త ముప్పై ఒక్క ఏళ్లుగా రేవు షెడ్డులో చేపలు కోస్తోంది. ఆమె జుట్టులో, కళ్లద్దాల మీద, ఒక్కోసారి టీ గ్లాసులో కూడా పొలుసులుంటాయి. అందుకే అందరూ పొలుసమ్మ అంటారు. కుళాయి పక్కన మూలలో ఉన్న బల్ల ఆమెది. మామయ్య పాత పడవ చెక్కలతో స్వయంగా చేసిచ్చాడు. ఆయన పోయాక ఇద్దరు పిల్లల్ని పెంచింది ఆ బల్లే.

బల్ల అంచున, రెండు మూరలకు కాస్త ఇవతల ఒక గాటు ఉండేది. అత్త తన కత్తితో పెట్టుకున్న గుర్తు. పండుగప్పను తల ఈ చివర ఉండేలా పడుకోబెడితే, తోక గాటు దాటిందంటే కడుపులో గుడ్లుంటాయి. దాటకపోతే మగచేపకుండే తెల్లటి పాలసంచి ఉంటుంది. గుడ్లు కావాలని అడిగేవాళ్ల కోసం మొదట్లో పెట్టుకున్న గుర్తు అది. "కోయకుండానే చెప్పేస్తావ్, దాని కడుపులో దూరి వచ్చావా?" అని జనం నవ్వేవాళ్లు.

ఏళ్లు గడిచేకొద్దీ ఆమెకొక అనుమానం వచ్చింది. పెద్దవన్నీ ఆడవే, చిన్నవన్నీ మగవే. మరి చిన్న ఆడచేప ఒక్కటీ కత్తికి తగలదేం?

"అంటే ఏమిటే, ఆ మగవే పెరిగి ఆడవవుతున్నాయి" అంది నాతో ఒకరోజు, గొంతు తగ్గించి, ఎవరో బంధువుల ఇంటి గుట్టు చెబుతున్నట్టు.

నేను లైబ్రరీలో వెతికాను. అచ్చం అదే రాసి ఉంది. ఆ పేజీ తెచ్చి చూపిస్తే కళ్లద్దాలు తుడుచుకుని చదివి, "నన్నడక్కుండానే రాశారే" అంది.

అప్పటికి ఆరేళ్లుగా పండుగప్ప తగ్గుతూ వస్తోంది. ఒకప్పుడు పడవకు పది దొరికిన చోట రెండు రావడమే గగనమైంది. చివరికి మత్స్యశాఖ నుంచి ఒక అధికారి వచ్చి, షెడ్డులోనే కుర్చీలు వేయించి, కారణాలు చెప్పమన్నాడు. గాలం వేసేవాళ్లు వలలవాళ్లను తిట్టారు. వలలవాళ్లు ఫ్యాక్టరీ నీళ్లను తిట్టారు. ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకులున్నవాళ్లు ఏటికి ఎగువన కట్టిన గేట్లను తిట్టారు. వాటిలో అబద్ధమేమీ లేదు. నేను అన్నీ రాస్తూ పోయాను. అయితే ఒక్కరు చెప్పిన కారణం కూడా వాళ్ల సొంత పడవలో లేదు.

అధికారి అంతా విని ఒక నిబంధన చదివాడు. మూర కంటే చిన్న చేపల్ని వదిలేయాలి, పెద్దవాటినే పట్టాలి. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దవాటికే కదా ధర. నాన్న లేచి, నెలనెలా అందరికన్నా పెద్ద పండుగప్ప పట్టినవాళ్లకు సంఘం తరఫున బహుమతి ఇద్దామన్నాడు. ఆయన వెనక గోడ మీద పదకొండు ఫొటోలున్నాయి. అన్నింట్లోనూ నాన్నే, తన నడుము దాటే చేపను ఎత్తి పట్టుకుని.

"అన్నయ్యా, తల్లుల్ని చంపినందుకు బహుమతా?"

అత్త కత్తి కడుగుతూనే అంది. నాన్న నవ్వేసి ఊరుకోబోయాడు. అత్త అధికారి వైపు తిరిగింది.

"చిన్నవన్నీ మగవయ్యా. అవి ఏళ్ల తరబడి బతికి పెరిగితేనే ఆడవవుతాయి. పెద్దదాన్ని పట్టినప్పుడల్లా ఒక తల్లి పోతోంది. మీరేమో పెద్దవే పట్టండని కాగితం మీద రాసి తెచ్చారు. దానికి వీళ్ల చప్పట్లొకటి!"

"మగచేప ఆడచేపవడమేంటి పొలుసమ్మా?" అన్నాడు పడవతో పాటు ఐసు కొట్టు కూడా నడిపే ఆయన. "మా ఆవిడ వింటే నన్ను కూడా మార్చేయమంటుంది."

షెడ్డంతా నవ్వింది. అధికారి కూడా నవ్వాడు. నవ్వు దాచుకుంటూ, "మీరేం చదువుకున్నారమ్మా?" అన్నాడు.

ఆ మాటతో అత్త ఒళ్లు మండిపోయింది. తడి చేత్తో బల్ల మీద చరిచింది.

"ముప్పై ఒక్క ఏళ్లు వీటి పొట్టలు చదువుకున్నాను బాబూ. ఇవాళ వచ్చిన చేపలన్నీ తెండి. ఈ గాటు దాటినవాటిలో ఒక్క మగదాన్ని చూపించండి. ఈ బల్ల సంఘానికి వదిలేసి పోతాను!"

"ఒక్కటి చాలా?" అన్నాడు ఐసు కొట్టాయన.

"చాలు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కోపంలో అనేసింది.

ఆ రోజు గాటు దాటినవి నాలుగే వచ్చాయి. మొదటిది కోసింది, గుడ్లు. రెండోది, గుడ్లు. మూడోదాని పొట్టలోంచి రెండు పొడవాటి గుడ్ల సంచులు బల్ల మీదికి జారాయి. నవ్వులు ఆగిపోయాయి. అధికారి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నాలుగోది నాన్న తెల్లవారుజామున పట్టింది. తోక గాటును రెండు వేళ్లు మాత్రమే దాటింది.

"కొయ్యి చెల్లీ" అన్నాడు నాన్న. ఆయన గొంతులో ఇప్పుడు నవ్వు లేదు.

అత్త కోసింది. లోపల సంచి పల్చగా ఉంది. ఒక అంచు తెల్లగా, మిగతాదంతా లేత ఎరుపుగా, సన్నటి రవ్వ అంటుకున్నట్టు. నాన్న వంగి బొటనవేలితో తెల్ల అంచును నొక్కాడు. పాలచుక్క ఒకటి బయటికి వచ్చింది.

"మగదే!" అని ఎవరో అరిచారు. ఈలలు మొదలయ్యాయి.

"ఆగండర్రా, ఈ పక్క చూడండి! ఇది మారుతోంది. నేను చెప్పింది ఇదే! సగం..."

ఎవరూ ఆగలేదు. అత్త ఆ సంచిని ఒక డబ్బాలో వేసి అధికారి ముందుకు చాచింది. "తీసుకెళ్లి పరీక్ష చేయించండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

ఆయన డబ్బాను చూశాడు, బయట నిలిపిన కారు సీటును చూశాడు. "మీ అనుభవాన్ని గౌరవిస్తామమ్మా" అని తన బ్యాగు భుజాన వేసుకున్నాడు.

నేను చదివిన పేజీ అక్షరం పొల్లుపోకుండా నా తలలో ఉంది. లేచి నాలుగు వాక్యాలు చెబితే సరిపోయేది. నోరు తెరిచాను. అందరూ నావైపు చూస్తారనిపించింది. మూసుకుని, "చర్చ ముగిసింది" అని రాశాను. ఆ రెండు మాటలకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మర్నాడు అత్త కత్తులూ ఆకురాయీ బకెట్లో వేసుకుని బయటికి నడిచింది. వద్దని నాన్న అనలేదు. మధ్యాహ్నానికల్లా మామయ్య చేసిన బల్ల మీద సంఘం కొత్త కాటా పెట్టారు, బహుమతి చేపల్ని తూచడానికి. కాటా కుదురుగా కూర్చోవడం లేదని గాటున్న అంచును రంపంతో కోసేశారు.

అత్త ఇప్పుడు షెడ్డు బయట మెట్ల పక్కన, రెండు పెట్టెల మీద పలక వేసుకుని కోస్తుంది. కుళాయి లేదు, నీళ్లు మోసుకోవాలి. ఎండొస్తే పలకతో పాటు తానూ జరగాలి. గిరాకీ సగమే ఆమె వెంట వచ్చింది. అందులోనూ రెండు మూరల చేప తెచ్చినవాళ్లను "లోపలికి పో, అక్కడ కాటా ఉంది, పొగుడుతుంది" అని పంపేస్తుంది. నేను చేయగలిగింది ఆ నీళ్లు మోయడమే. మోస్తున్నాను.

పది రోజుల తర్వాత నాన్న మెట్ల దగ్గరికి వచ్చాడు. అత్త తలెత్తకుండానే డబ్బా ఆయన ముందు పెట్టింది. ఉప్పులో వేసి దాచిన సంచి, తెలుపు తెలుపుగానే, ఎరుపు ఎరుపుగానే ఉంది.

"చూడు. నువ్వు గెలిచింది దీనితోనే."

నాన్న డబ్బాలోకి వంగి చూశాడు. "ఆ రోజే కనబడింది" అన్నాడు.

అత్త చేతిలో కత్తి ఆగింది. "కనబడిందా? కనబడే నొక్కావా?"

"గోడ మీద పదకొండు ఫొటోలున్నాయి చెల్లీ. అవన్నీ తప్పని అంతమంది ముందు ఎలా ఒప్పుకోను?"

అత్త లేచి, కత్తి పట్టుకునే రేవులోకి దిగింది. మేము వెనక పరుగెత్తాం. నాన్న పడవ ఎక్కి, అంచు చెక్క మీద తన చేతితో రెండు మూరలు కొలిచి, కాస్త ఇవతలకు జరిగి, కత్తి దింపింది. ఒక్క వేటుకు గాటు పడలేదు. మూడు వేట్లు వేసింది. ఒక్కో వేటుకూ ఒక్కో మాట.

"ఇది. దాటితే. వదిలెయ్."

నాన్న ఆపలేదు. సరేనని కూడా అనలేదు.

మొన్న ఆయన పడవకు కొత్తగా రంగు వేశాడు. గాటు మీద మాత్రం వేయలేదు. గోడ మీద ఈ నెల బహుమతి చేపతో పన్నెండో ఫొటో వచ్చింది, అందులో ఉన్నది ఐసు కొట్టాయన. మిగతా పదకొండూ ఎక్కడివక్కడే ఉన్నాయి.