గోళ్ల దొరగారు

మా మనవరాలి మొగుడు సరోద్ వాయిస్తాడు. ఆ తీగల్ని ఎడమచేతి గోళ్లతో నొక్కాలట, అందుకని పొద్దున్న లేస్తే వాటికి ఆకురాయి పట్టడమే పని. గిన్నె ముట్టడు, గడియ తియ్యడు, చొక్కా గుండీలు కూడా పెళ్లామే పెట్టాలి. మొన్న మెట్ల మీద కాలు జారి అది "చెయ్యివ్వండీ!" అని అరిస్తే, మహానుభావుడు మోచెయ్యి చాపాడు. పట్టు దొరక్క పడి పిల్ల మణికట్టు విరగ్గొట్టుకుంది.

నిన్న సాయంత్రం కచేరీలో మార్వా రాగమట, ఒక్కో స్వరాన్నీ పసిబిడ్డని నిమిరినట్టు నిమిరాడు. జనం కళ్లు తుడుచుకుని మరీ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో చేతికట్టుతో కూర్చున్న మనవరాలు మాత్రం కదల్లేదు.

ఇంటికి రాగానే ఎగిరిపడ్డాడు. "బాగున్న చేత్తో కుర్చీ మీదైనా కొట్టొచ్చుగా!"

"గోరు విరుగుతుందేమోనని కొట్టలేదండీ" అంది.