నడుము వంగిన సిపాయిలు

పోయిన నెల మా బావ సంవత్సరీకానికి రామకృష్ణాపూర్ వెళ్ళాను. భోజనాలయ్యాక చుట్టాలు ఒక్కొక్కరే ఆటోలెక్కి వెళ్ళిపోతుండగా నేనూ చెప్పులేసుకుంటుంటే, మా అక్క వంటింట్లోంచి వచ్చి పాత వక్కల డబ్బా ఒకటి నా చేతిలో పెట్టి, "ఇది నీదేనట తమ్మీ, తీస్కపో" అని మాత్రం చెప్పి, గిన్నెలు సర్దుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది. నాకు వక్క నమిలే అలవాటు ఏనాడూ లేదు. ఎవరిదో డబ్బా నాదనుకుంటోంది, పాపం వయసు మీద పడింది కదా అనుకొని సంచిలో వేసుకున్నాను. బస్సు మంచిర్యాల దాటి గోదావరి వంతెన ఎక్కాక ఏమీ తోచక మూత తీసి చూస్తే లోపల దూది పరిచి ఉంది, ఆ దూదిలో చిటికెన వేలంత మట్టి సిపాయి ఒకడు పడుకొని ఉన్నాడు.

అక్కడ మొదలైంది నా తికమక. బొమ్మ అడుగున నా బొటనవేలి ముద్ర ఉంది. చిన్న వయసులోనే నా కుడి బొటనవేలి కొస బొగ్గు బాయిలో, బొగ్గు మోసే రెండు టబ్బుల మధ్య నలిగి తెగిపోయింది, మిగిలిన సగం వేలు ఎక్కడ నొక్కినా సగం ముద్రే పడుతుంది, దాన్ని ఇంకొకరిదని పొరబడే వీలు లేదు. కనుక ఆ సిపాయి నా చేతి పనే. కాని వాడు నిటారుగా నిలబడి ఉన్నాడు. నా జన్మలో నేను ఒక్క సిపాయిని కూడా నిటారుగా నిలబెట్టలేకపోయాను. నాదే, నాది కాదు, ఇదేం చోద్యమని తిప్పి తిప్పి చూస్తూ దిగవలసిన స్టాపు దాటిపోయి, కండక్టరు చేత మాటపడి, షేర్ ఆటోలో వెనక్కి వచ్చి ఇల్లు చేరాను.

ఈ బొమ్మల పిచ్చి నాకు ఆ తెగిన వేలు పెట్టిన భిక్షే. వేలు మానేదాకా బరువు పనులు వద్దని దవాఖానలో రాసిస్తే, బాయి పైన ఒక రేకుల షెడ్డులో నన్ను మట్టి కడ్డీలు చేసే పనికి కూర్చోబెట్టారు. బాయిలో చేసినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు గాని తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: బొగ్గు గోడకు రంధ్రం చేసి మందు దట్టించాక దాని నోరు మెత్తని మట్టితో మూయాలి, లేకపోతే పేలుడు వెనక్కి తంతుంది. అందుకోసం మట్టీ ఇసుకా కలిపి, తొక్కి, అరచేతుల మధ్య పాముతూ జానెడు కడ్డీలు వందల కొద్దీ చేసి తట్టల్లో పేర్చి లోపలికి పంపేవాళ్ళం. పొద్దస్తమానం ఆ మట్టి చేతిలో మెదులుతుంటే వేళ్ళు ఊరికే ఉంటాయా, ఒకనాడు ఒక కడ్డీకి తలకాయ మొలిచింది, మర్నాడు కాళ్ళొచ్చాయి.

సిపాయిలే ఎందుకంటే, అప్పటికి మా బావ పటాలంలో ఉన్నాడు. అక్క మా వెనక వరుస క్వార్టర్‌లో అత్తమామల దగ్గర ఉండేది, ఉత్తరం వచ్చిన రోజు ఒక మనిషిగా, రాని రోజు ఇంకో మనిషిగా ఉండేది. యూనిఫారంలో ఉన్న బావ ఫోటో ఒకటి గోడకు వేలాడేది. అక్కను నవ్విద్దామని ఆ ఫోటో చూసి మొదటి సిపాయిని చేసిచ్చాను. అది రెండో రోజుకే ఎండి బీటలు వారితే, చింతగింజల అంబలి కలిపితే పగలదని మా అమ్మ చెప్పింది. మందు పేల్చాక మిగిలే రంగు రంగుల వైర్లతో ఆ రోజుల్లో మా కాలనీ ఆడవాళ్ళు బుట్టలల్లేవారు, ఆ తీగ ముక్కే నా సిపాయిలకు వెన్నెముక, అదే తుపాకీ గొట్టం. కుంచెకు ఉడుత వెంట్రుకలు శ్రేష్ఠమని ఎవరో చెప్పారు గాని ఏ ఉడుతా నాకు చిక్కలేదు, అక్క జడ కొసన నాలుగు వెంట్రుకలు కత్తిరించిస్తే చీపురుపుల్లకు దారంతో కట్టుకున్నాను. పసుపు రంగులో నలుపు, ఒక చుక్క ఎరుపు కలిపితే ఖాకీ వస్తుందని కనిపెట్టిన నాడు నాకు నిద్ర పట్టలేదంటే నమ్ముతారా! వేలు మాని మళ్ళీ లోపలి పనికి పోయినా ఆ మట్టిని వదల్లేదు. తోటివాళ్ళు పేకాటకూ కల్లు దుకాణానికీ పోతే నేను సిపాయిలకు బొత్తాలు పెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. మా ఆవిడ మొదట్లో ఎంతో సంతోషించింది, ఇల్లంతా మట్టయ్యాక కల్లు దుకాణమే నయమని అనడం మొదలుపెట్టింది.

అలా ఉండగా బావ పదిహేనేళ్ళ సర్వీసు ముగించి వచ్చాడు. అదే రోజుల్లో బాయిలో పనిచేసే వాళ్ళ నాన్న ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ కావడంతో ఆ ఉద్యోగం కొడుకుగా బావకు వచ్చి, మా బాయిలోనే మా షిఫ్టులోనే పడ్డాడు. ఆరడుగుల మనిషి. కాలనీ రోడ్డు మీద నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు తెలియకుండానే నడుము సర్దుకునేవారు. అంతటి మనిషి బాయిలో దిగిన మొదటి వారం అడుగడుగునా కప్పు దూలాలకు హెల్మెట్ కొట్టుకుంటుంటే, టంగు టంగుమని చప్పుడయినప్పుడల్లా జనం నవ్వేవారు. అందరికంటే ఎక్కువ నవ్వినవాణ్ణి నేనే. బామ్మర్దిని కదా, హక్కుందనుకున్నాను. ఆ నవ్వు ఆయనకు ఎక్కడ గుచ్చుకుందో చూసుకోలేదు.

ఆ ఏడు వినాయక చవితికి కాలనీ కుర్రాళ్ళు మండపంలో నా సిపాయిలను పెడతామని అడిగారు. బొగ్గు పెళ్ళలు పేర్చి కొండ కట్టాం, దాని మీద దూది పరిస్తే మంచు అయింది, ఆ మంచులో ముప్పై ఒక్క సిపాయిలను వరుసగా నిలబెట్టాను. సాయంత్రం పూజకు కాలనీ అంతా వచ్చింది, కాని ఆ గుంపులో నిజమైన సిపాయి ఒక్క బావే. నాకు కావలసిందల్లా ఆయన నోటి నుంచి ఒక మంచి మాట. ఆయన చేతులు వెనక్కి కట్టుకొని చాలాసేపు చూశాడు. చూసి, మెల్లగా, "బామ్మర్దీ, వీళ్ళు యుద్ధానికి పోతున్నట్టు లేదు, ఫస్టు షిఫ్టుకు పోతున్నట్టున్నరు" అన్నాడు.

మండపం మండపమంతా గొల్లుమంది. నేను బొమ్మల వైపు చూశాను. ఆయన అన్నది అక్షరాలా నిజం. ముప్పై ఒక్కరికీ మెడ ముందుకు వంగి ఉంది, మోకాళ్ళు సడలి ఉన్నాయి, అందులో నలుగురైదుగురు ఎడమ చెయ్యి పైకెత్తి లేని కప్పును తడుముతున్నారు. మనిషి నడవడం అంటే నేను చూసింది బాయిలో నడవడమే, నా వేళ్ళకు తెలిసింది ఆ ఒక్క నడకే, ఇన్నేళ్ళూ చేస్తూ కూడా నాకది కనిపించలేదు. సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది, ఏమంటున్నానో తెలియకుండా అందరి ముందూ అనేశాను: "నువ్వు పదిహేనేండ్లు నిటారుగ నిలబడి ఏం జేసినవ్ బావా? ఇప్పుడు మాతోనే వంగుతున్నవ్ గదా."

నవ్వు ఆగిపోయింది. బావ నా వైపు ఒకసారి చూసి చెప్పులేసుకొని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున మండపానికి వెళ్తే కొండ మీద ముప్పై మందే ఉన్నారు. ముప్పై ఒకటో వాడు నిలబడిన చోట, దూదిలో, బావ ఇత్తడి బిళ్ళ ఉంది.

ఈ బిళ్ళ సంగతీ చెప్పాలి. బాయిలో దిగేముందు లాంపు రూములో దీపం తీసుకుంటే, దాని స్థానంలో మన నంబరున్న బిళ్ళ వదలాలి. పైకొచ్చి దీపం అప్పగిస్తే బిళ్ళ మన చేతికొస్తుంది. షిఫ్టు అయ్యాక కొక్కేనికి బిళ్ళ ఇంకా వేలాడుతుంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క, వెతకడానికి మనుషులు దిగుతారు. అంటే బిళ్ళ వదలడమంటే, తీసుకున్నది తిరిగిస్తాననే మాట. బాయిలో పుట్టి పెరిగినవాణ్ణి నాకు తెలియదా! కాని ఆ పొద్దున కోపంలో నాకు అట్లా తోచలేదు. నిన్నటి పరిహాసానికి కొసరు వేశాడు, ఫస్టు షిఫ్టుకు పోయేవాడికి బిళ్ళ కూడా పెట్టాడు, నలుగురిలో ఇంకోసారి నవ్వులపాలు చేయడానికే అనుకున్నాను. మొహాన కొడదామని దాన్ని జేబులో వేసుకొని డ్యూటీకి పోయాను.

లాంపు రూము ముందు వరుసలో బావ నాకు ఇద్దరు మనుషుల ముందున్నాడు. బిళ్ళ ఏదని అక్కడివాళ్ళు అడిగితే పోయిందన్నాడు. మిలట్రీలో ఇదేనా నేర్పింది, బిళ్ళ కూడా కాపాడుకోలేవా అని వాళ్ళు అందరి ముందూ చీవాట్లు పెడుతుంటే, ఆయన తల వంచుకొని నిలబడ్డాడు గాని ఎక్కడ పెట్టాడో చెప్పలేదు, వెనక్కి తిరిగి నా వైపు చూడలేదు. బిళ్ళ నా జేబులో తొడకు తగులుతోంది. రెండడుగులు ముందుకు వేస్తే అయిపోయేది. నేను వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో ఇప్పటికీ చెప్పలేను, కోపమే అనుకుంటాను, కాని కోపమైతే ఇన్నేళ్ళు ఎందుకు గుచ్చుకుంటుంది?

నిమజ్జనం నాడు కుర్రాళ్ళు అవి కూడా దేవుడివే అనుకొని, కొండతో సహా ముప్పై మంది సిపాయిలనూ గోదావరిలో కలిపేశారు. పచ్చి మట్టి కదా, ఒక్క నిమిషం ఆగి ఉండవు. ఆ తరువాత పంతం కొద్దీ నిటారు సిపాయిలను చేయబోయాను. కొయ్యల్లా వచ్చాయి. వదిలేశాను. బావా నేనూ పోట్లాడుకున్నామని ఎవరూ అనుకోలేదు, పెళ్ళిళ్ళకు వెళ్ళాం, చావులకు వెళ్ళాం, ఒకే బంతిలో తిన్నాం, కాని "మీ తమ్మునికి కూర వెయ్యి" అని ఆయన అక్కతో అనేవాడు, "బావకు మజ్జిగ కావాలేమో" అని నేను అక్కతో అనేవాణ్ణి. ఏళ్ళు గడిచే కొద్దీ ఆ ఆరడుగుల మనిషి మెడ ముందుకు వచ్చింది, వీపు గూనిదేలింది. రిటైరై రామకృష్ణాపూర్‌లో ఇల్లు కట్టుకునేనాటికి అచ్చం నా సిపాయిల్లోనే ఒకడిలా ఉన్నాడు. నేనన్న మాట నిజమైనందుకు నాకు సంతోషం కలగాలి కదా, ఆయన ఎదురొచ్చినప్పుడల్లా నేను పక్కకు చూసేవాణ్ణి.

మొన్న ఆదివారం ట్రంకు పెట్టె అడుగు నుంచి ఆ బిళ్ళ తీసి జేబులో వేసుకొని మళ్ళీ రామకృష్ణాపూర్ పోయాను. అక్క చేతిలో పెట్టాను. ఇదేమిటని అడగలేదు, ఆమెకు తెలుసు. "తమ్ముడు బిల్ల దెస్తడు, అప్పుడు బొమ్మ ఇద్దాం అనేటోడు తమ్మీ. ఎన్నేండ్లు జూసిండో. నువ్వు బొమ్మ అడుగవైతివి, ఆయన బిల్ల అడుగడాయె" అంది. బొమ్మను నడుము దగ్గర కోసి, తీగ సాపు చేసి, పైపులకు పెట్టే సీలు ముద్దతో అతికాడట. మూడుసార్లు విరిగిందట, మూడుసార్లూ మళ్ళీ కూర్చున్నాడట. నా తప్పు దిద్దడానికి నిలబెట్టాడా, తన నడుము వంగుతుంటే బొమ్మనైనా నిలబెట్టుకుందామనుకున్నాడా అని అడిగాను. "నాకేమెరుక? నడుం నొచ్చిన రోజు దాన్ని ముంగటేసుకొని కూసునేటోడు" అని, చింతపండుతో బిళ్ళ తోమి, తుడిచి, యూనిఫారం ఫోటో కింద మేకుకు తగిలించింది. ఫోటోలో బావ నిటారుగా ఉన్నాడు. కొక్కేనికి బిళ్ళ ఉంటే మనిషి లోపలే ఉన్నట్టు లెక్క అని నా నోటిదాకా వచ్చింది, ఇన్నేళ్ళు నా పెట్టెలో ఉంచుకున్నవాణ్ణి ఏ మొహం పెట్టుకొని అంటాను?

ఇప్పుడు బిళ్ళలు ఎవరికీ గుర్తు లేవు. మా చుట్టుపక్కల బాయిలు ఒక్కొక్కటే మూతపడి, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులయ్యాయి. డంపర్ల మీద ఎత్తున కూర్చొని పనిచేసే పిల్లలు డ్యూటీ దిగి ఆటోల కోసం నడిచి వస్తుంటే ఎవరి మెడా వంగి లేదు, చూడ ముచ్చటగా ఉంటుంది. నేను మాత్రం ఎంత ఎత్తు గుమ్మమైనా తల వంచే దాటుతాను. వేలు పెడితే మనిషిని గుర్తుపట్టే మిషన్లొచ్చాయి, పెన్షన్ కోసం ఏటా బతికున్నానని చూపించుకోవాలంటే వేలు పెట్టమంటారు, నా సగం వేలు ఆ మిషనుకు ఎక్కదు, నువ్వెవరివో తెలియడం లేదు తాతా అంటారు. నిన్న కళ్ళద్దాలు తుడుచుకొని సిపాయిని మళ్ళీ చూశాను. నడుము మార్చాడు, మెడ మార్చాడు, ఖాకీ తీసేసి మిలట్రీ ఆకుపచ్చ రంగు వేశాడు, అడుగున కూడా అంచుల దాకా రంగు పూశాడు. నా వేలిముద్ర ఉన్నంత మేర మాత్రం, కుంచె ఆపి, చుట్టూ తిప్పుకొని పోయాడు. ఆ జాగాలో మా షెడ్డు మట్టి ఇంకా ఎర్రగానే ఉంది.