బెల్లం తిన్న ఫ్లాపీ

మావయ్య చొక్కా జేబులోంచి ఫ్లాపీ తీస్తే, దాన్ని పట్టుకుని రెండు చీమలు కూడా వచ్చాయి.

"ఇదేటి మావయ్యా!" అని అరిచాను.

ప్రింటు తీయించుకోడానికి నా దగ్గరికి వస్తూ వస్తూ రావికమతంలో చుట్టాలు బెల్లం వండుతుంటే ఆగాడట. పొయ్యి దగ్గరికి వెళ్లినవాణ్ని వట్టి చేతులతో పంపరు కదా, వేడి బెల్లం ముద్ద ఆకులో పెట్టి ఇచ్చారట. ఈ మహానుభావుడు దాన్ని సరిగ్గా ఫ్లాపీ ఉన్న జేబులోనే వేసుకున్నాడు!

ఆ ఫ్లాపీలో ఆయన నాటకం ఉంది. జీవితమంతా ఊరివాళ్లతో ఇతరుల నాటకాలు ఆడించి, మొదటిసారి తనే రాసుకున్నది. వచ్చే నెలలో పోటీలు. తొంభైల చివర్లో నేను చోడవరంలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని, ఆ నాటకం టైపు చేసిందీ నేనే. సెంటర్లో హార్డ్ డిస్కు చిన్నది, పని అవగానే తుడిచేసేవాళ్లం. పోనీ రాసిన కాగితాలేవయ్యా అంటే, "కంప్యూటర్లోకి ఎక్కిపోనాది కదే, ఇంక కాయితాలెందుకు?" అని ఆ బెల్లం పొయ్యిలోనే పడేసి వచ్చాడు.

"పోనాదేటే?" అన్నాడు.

జాలేసింది. కానీ నిజం చెప్పొద్దూ, జాలికంటే హుషారే ఎక్కువ వచ్చింది. పత్రికతో వచ్చిన సీడీ నుంచి సెంటర్ కంప్యూటర్లో విండోస్ పక్కనే లినక్స్ అనే మరో సిస్టమ్ కొత్తగా ఎక్కించుకున్నాను. అందులో ఒక విద్య ఉందని చదివాను గానీ, ప్రయోగించే అవకాశమే రాలేదు. ఇదిగో, వచ్చింది!

ఫ్లాపీ రేకు జరిపి, లోపలి బిళ్లను స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి డ్రైవులో పెట్టాను. మామూలుగా కాపీ చేయబోతే చెడినచోటికి వచ్చి ఆగిపోయింది. అందుకని చెడినచోట్లు ఖాళీగా వదిలేసి, మిగతా ఫ్లాపీనంతా ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా హార్డ్ డిస్కులోకి లాగే కమాండు కొట్టాను. డ్రైవు గరగరలాడింది, మూలిగింది.

"దాని సావుకేక ఇనలేనే బాబూ," అని మావయ్య చెవులు మూసుకున్నాడు.

ఫైలు దిగింది! ఫ్లాపీ మాత్రం అంతటితో సరి, మళ్లీ పెడితే డ్రైవు గుర్తే పట్టలేదు. ఇక ఉన్నదల్లా ఆ ఫైలే. మౌంట్ అని కొట్టి, లూప్ అన్న మాట చేర్చి, ఫైలు పేరు ఇచ్చి ఎంటర్ నొక్కాను.

"ఇప్పుడు కంప్యూటరు ఈ ఫైలునే ఫ్లాపీ అనుకుంటాది మావయ్యా. డ్రైవు ఖాళీయే, అయినా ఉన్నట్టే సూపిస్తాది."

"అంటే ఫ్లాపీ వేషం కట్టేసిందన్నమాట!"

"అదే, అదే!"

లోపలేముందో అడిగితే నాటకం ఫైలు పేరు తెరమీదికి వచ్చింది. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. విండోస్‌లోకి తెచ్చుకుని తెరిస్తే, తెలుగు అక్షరాలు! మావయ్య మొదటి వాక్యం పైకి చదివి కళ్లు తుడుచుకున్నాడు.

రెండో రంగం మధ్యలో మాత్రం అన్నీ పిచ్చి గీతలే. తండ్రీకూతుళ్లు పోట్లాడుకునే చోటు అది. తండ్రి పాత్ర ఆయనదే కాబట్టి ఆ మాటలు గడగడా చెప్పేశాడు. కూతురి జవాబు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"రావట్లేదే! ఒక్క ముక్కా రావట్లేదు. నాటకమంతా దాని మీదే నిలబడ్డాది!"

నా నోటెంట వచ్చేసింది. "మాటలు నేర్పింది నువ్వే నాన్నా. ఇప్పుడు నేను మాటాడితే నీ పరువు పోతాదా?"

మావయ్య గిర్రున నావైపు తిరిగి తండ్రిగా గద్దించాడు. నేను ఎదురు చెప్పాను. ఆయన మళ్లీ, నేను మళ్లీ. ఒంట్లో రక్తం ఉరకలెత్తింది. టైపు చేయాలన్న సంగతే మరిచి రంగం చివరిదాకా వెళ్లిపోయాం.

"రాసింది నేను, నాకు రాలేదు. నీకెలా వొచ్చిందే?"

"టైపు కొట్టింది నేనే కదా!"

మా ఊళ్లో అప్పటిదాకా ఆడపాత్రలకు బయటినుంచే మనుషుల్ని పిలిపించేవారు. మావయ్య లేచి గది ఆ చివరకు వెళ్లి నిలబడ్డాడు.

"మళ్లీ మొదట్నించి సెప్పు. గట్టిగా. ఎనక బెంచీలోళ్లకి ఇనపడాల."